మూడు నిమిషాల పది సెకన్లు

సోమవారం మూడో పీరియడ్ బెల్లు కొట్టేసరికే డెల్ఫీన్ గాన్యే జిమ్‌లో గోడవారన మడిచిపెట్టిన మ్యాట్ల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో అట్ట, అట్టకి క్లిప్పుతో పట్టించిన కాగితం, మెడలో స్టాప్‌వాచ్. పంటి డాక్టరు గది బయట వంతు కోసం కూర్చున్న మనిషిలా ఉంది. నిజానికి ఆ రోజు పరీక్ష ఆమెకి కాదు, ఓరెస్ట్ బాబియాక్‌కి. కానీ ఓరెస్ట్‌కి భయపడే అలవాటు లేదు. పదిహేడేళ్ళుగా ఆ జిమ్‌లో ఈల ఊదుతున్నాడు. అతని గొంతు వినిపించని రోజున ఆఫీసు గుమాస్తా తలుపు తీసి "బాబియాక్ సారు సెలవా?" అని అడుగుతుంది.

"ఎవర్ని చూస్తావో చెప్పెయ్యకూడదూ అమ్మాయ్! నేనెవరితోనూ అనన్లే" అన్నాడు, బంతుల సంచీ ఈడ్చుకొస్తూ.

"చెప్పకూడదు కదండీ. మన కోర్సు కొలెట్ మేడమ్‌కి తెలిస్తే నా తోలు వలిచేస్తుంది."

జనవరి నుంచి వాళ్ళిద్దరూ ఒకే కోర్సులో ఉన్నారు. పగలు బళ్ళో పాఠాలు చెప్పుకుంటూ మంగళ, గురువారాలు సాయంత్రాలు, శనివారం పొద్దున్నా వ్యాయామం నేర్పే చదువు చదువుతున్నారు. ఈ సెప్టెంబరు నుంచి ఆ కోర్సు కాగితం ఉన్నవాళ్ళకే జిమ్ ఇస్తామని స్కూలు బోర్డు తేల్చి చెప్పింది. ఏప్రిల్ ముప్ఫైలోపు కాగితం చేతికి రాకపోతే ఓరెస్ట్ ఆరో తరగతి గదిలో కూర్చుని భిన్నాలు చెప్పుకోవాలి. యాభై దాటిన మనిషికి, అందులోనూ పదిహేడేళ్ళు నిలబడి బతికిన మనిషికి, అంతకంటే పెద్ద శిక్ష లేదు. ఆ మాట అతనే నలుగురికీ చెప్పి నవ్వేవాడు. నవ్వుతూ చెప్పినా అది నిజమే.

కోర్సులో చివరి పని ఈ స్టాప్‌వాచ్. జతలో ఒకరు పాఠం చెబుతుంటే రెండోవారు క్లాసులో ఒక్క పిల్లనో పిల్లాడినో ఎంచుకుని నలభై నిమిషాలూ చూడాలి. ఎవర్ని ఎంచుకున్నదీ పాఠం చెప్పేవారికి తెలియకూడదు. ఆ బిడ్డ ఒళ్ళు నిజంగా కదిలితే గడియారం నడపాలి, ఆగితే ఆపాలి. నిలబడి వినడం, వరుసలో ఆగడం, కబుర్లు ఇవేవీ లెక్కలోకి రావు. నలభైలో ఇరవై నిమిషాలు వస్తే పాఠం నెగ్గినట్టు.

అయిదో తరగతి పిల్లలు ఇరవైనలుగురు గుర్రాల మందలా లోపలికొచ్చారు. ఓరెస్ట్ వాళ్ళని రెండు వరుసలు చేశాడు. ఆ రోజు పరిగెత్తుకొచ్చి, ఎగిరి, బంతిని బోర్డుకి తగిలించి రింగులో పడేయడం నేర్పుతున్నాడు. ఒక్కొక్కరూ వస్తుంటే రేడియోలో ఆట చెప్పేవాడిలా అందుకునేవాడు.

"చూడండి చూడండి, బెకెట్ బయల్దేరాడు! ఒకటి, రెండు, ఎగిరాడు! అబ్బబ్బ, పడింది! ఎక్కడ నేర్చావురా ఇదంతా? నా దగ్గరే కదూ!"

పిల్లలు విరగబడి నవ్వారు. వరుసల్లోంచి కేకలు, చప్పట్లు. బంతి తప్పినవాడికీ ఓరెస్ట్ ఏదో ఒక చమత్కారం జోడించి పంపేవాడు. ఒక్కరిని కూడా చిన్నబుచ్చడు, అది అతని పట్టుదల. మధ్యలో ఓరకంట డెల్ఫీన్‌ని చూశాడు. ఆమె చూపు బెకెట్ ఉన్న వైపే ఉన్నట్టనిపించింది. దొంగచూపు దొరికింది కదా అని సంబరపడ్డాడు. బెకెట్‌ని పిలిచి అందరికీ ఇంకోసారి చేసి చూపించమన్నాడు. తర్వాత ఎడమ చేత్తో చూపించమన్నాడు. ఆ తర్వాత వెనక్కి పరిగెత్తి రమ్మన్నాడు. బెకెట్ చొక్కా చెమటకి తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

బెల్లయ్యాక పిల్లలు వెళ్ళిపోతూ చేతులు చాచి ఓరెస్ట్ అరచేతిని చరిచారు. అతను తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ డెల్ఫీన్ దగ్గరికొచ్చాడు.

"ఎలా ఉంది మా సర్కస్?"

"సందడిగా ఉందండీ, చాలా" అంది డెల్ఫీన్. కాగితాన్ని అట్ట మీద బోర్లించింది. "రేపు సాయంత్రం క్లాసుకి ముందు కలుద్దాం. అప్పుడు చెప్తాను."

ఆమె మొహం చూసి అతను ఇంకేమీ అడగలేదు. చిన్నపిల్లల టీచరు, పెద్దవాళ్ళతో మాట్లాడటం చేతకాదు పాపం అనుకున్నాడు.

మంగళవారం అయిదున్నరకి కాఫీ దుకాణంలో కిటికీ పక్కన కూర్చున్నారు. బయట రోడ్డు పక్కన మిగిలిపోయిన మంచు కుప్ప మసిబారి కరుగుతోంది. ఓరెస్ట్ గులాబీ రంగు ఐసింగ్ పూసిన పర్షియన్ అనే తీపి రొట్టెలు రెండు తెచ్చుకున్నాడు. ఒకటి ఆమె వైపు జరిపాడు. ఆమె ముట్టుకోలేదు. సంచీలోంచి కాగితం తీసి, రొట్టె పక్కన పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

పైన పేరు తైనా లెహ్టో అని ఉంది. కింద గడులు. నడిచింది, ఆగింది, నడిచింది, ఆగింది. అడుగున మొత్తం మూడు నిమిషాల పది సెకన్లు.

ఓరెస్ట్ రెండుసార్లు చదివాడు. వేలికంటిన ఐసింగ్ నాకి మళ్ళీ చదివాడు.

"ముప్ఫై ఒకటి రాయబోయి ఇలా రాశావా?"

"లేదండీ."

"గడియారం పాడైందేమో చూశావా?"

"రెండు గడియారాలు పెట్టుకున్నానండీ. ఒకటి జేబులో."

"తైనానా! బంగారు తునకమ్మా ఆ పిల్ల. ఒక్కరోజు మానదు, ఒక్కరోజు గొణగదు. బూట్లు మర్చిపోయానని ఇంతవరకూ అనలేదు. ఫిబ్రవరి రిపోర్టులో నేనే రాశాను, 'ఎంతో ఉత్సాహంగా పాల్గొంటుంది' అని. నా క్లాసులో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టేది అదే!"

"అవునండీ, కొడుతుంది" అంది డెల్ఫీన్, తనే తప్పు చేసినట్టు. "చప్పట్లు లెక్కలోకి రావు కదండీ."

ఓరెస్ట్ కుర్చీలో వెనక్కి వాలాడు. ముందు కోర్సు మీద పడ్డాడు. గడియారాలతో చదువు కొలుస్తారా అన్నాడు. తర్వాత బోర్డు మీద పడ్డాడు. పదిహేడేళ్ళ మనిషికి కాగితం కావాలా అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు చివరికి జిమ్ చిన్నది, రింగులు రెండే అని కూడా అన్నాడు. డెల్ఫీన్ అన్నీ విని, కాఫీ కప్పు మూత తీసి పెట్టి, తీసి పెట్టి, అసలు మాటకొచ్చింది.

"నేను రేపు మళ్ళీ వస్తానండీ. మధ్యాహ్నం నా క్లాసు పిల్లలకి సంగీతం, నాకు ఖాళీ. ఇంకొకర్ని చూస్తాను. బెకెట్‌నైతే ఇరవై తప్పకుండా దాటుతాడు. కొత్త కాగితం రాస్తాను, ఇది చించేద్దాం."

"అదేం పద్ధతి? తప్పు కదూ!"

"అందరూ అంతే చేస్తున్నారండీ. మన కోర్సులో లైల్ తన జతగాడికి ఏ పిల్లాడిని చూడాలో ముందే చెప్పాడు. పైగా చొక్కా రంగు కూడా చెప్పాడట." ఆమె గొంతు తగ్గించింది. "నా వల్ల మీ జిమ్ పోతే నేను తట్టుకోలేనండీ."

ఓరెస్ట్ వద్దన్నాడు. మళ్ళీ వద్దన్నాడు. మూడోసారి అనలేదు. కాగితాన్ని మాత్రం చించనివ్వలేదు. ఎందుకో అతనికీ తెలియదు. నాలుగు మడతలు పెట్టి తన ఫైల్లో వెనక అరలో దోపుకున్నాడు.

బుధవారం డెల్ఫీన్ వచ్చి అదే మ్యాట్ల మీద కూర్చుంది. ఈసారి ఎవర్ని చూస్తోందో ఇద్దరికీ తెలుసు కాబట్టి బెకెట్ గొడవ ఓరెస్ట్ పట్టించుకోలేదు. అవే రెండు వరుసలు, అదే పాఠం. నోరు దాని పని అది చేసుకుపోయింది. కళ్ళు మాత్రం తైనాని వదల్లేదు.

తైనా కుడి వరుసలో ఆరోది. పలచటి జడ, మోచేతుల దాకా లాక్కున్న స్వెటరు. ముందున్నవాళ్ళు ఒక్కొక్కరే వెళ్తుంటే ఆమె అయిదోదయింది, నాలుగోదయింది. మూడోదయ్యేసరికి వంగి బూటు తాడు విప్పి కట్టుకుంది. వెనకవాడు దాటి ముందుకెళ్ళాడు. ఇంకోడు వెళ్ళాడు. తాడు కట్టడం అవ్వగానే లేచి, నీళ్ళ సీసా వైపు చేయి చూపించి, ఓరెస్ట్ వైపు చూసి చిరునవ్వు నవ్వింది. ఓరెస్ట్ అలవాటుగా సరేనని తలూపాడు. ఊపాక నాలిక కరుచుకున్నాడు. ఈ తల ఎన్ని వందలసార్లు ఊగిందో! నీళ్ళు తాగొచ్చి ఎడమ వరుస చివర నిలబడింది. అక్కడ మళ్ళీ పన్నెండోది. ఎవరి బంతి పడినా "భలే!" అని కేక పెట్టి చప్పట్లు కొట్టింది. ఓ బంతి దొర్లుకుంటూ వస్తే పరిగెత్తి పట్టుకుంది, పట్టుకుని పక్కవాడి చేతిలో పెట్టింది. వాడు థాంక్స్ అన్నాడు.

నలభై నిమిషాల్లో ఒక్కసారి కూడా రింగు కిందికి రాలేదు. మొహంలో విసుగు లేదు, బెదురు లేదు. చూసేవాడికి క్లాసులో అందరికంటే హుషారైన పిల్ల ఆమే. ఓరెస్ట్ నోరు తెరిచి చూస్తుండిపోయాడు. చిన్నప్పుడు తను ఎన్ని క్లాసులు ఎగ్గొట్టలేదు! కానీ క్లాసులోనే ఉండి, టీచరు కళ్ళెదుటే నిలబడి, మెచ్చుకోలు కూడా పుచ్చుకుంటూ ఎగ్గొట్టడం అతనికి తెలియని విద్య. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని ఊరికే అన్నారా!

"ఇరవైనాలుగు నిమిషాల ఇరవై సెకన్లు" అంది డెల్ఫీన్ వెళ్తూ. కొత్త కాగితం మీద సంతకం చేసి ఇచ్చింది. తేలికపడ్డ మొహంతో నవ్వింది కూడా. ఓరెస్ట్ దాన్ని ఫైల్లో ముందు అరలో పెట్టుకున్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర భార్య ఇరెనా వడ్డించిన, బంగాళాదుంప కూరిన పెరోగీలు నాలుగు తిని ఆపేశాడు.

"ఏమైంది, పాసయ్యావన్నావుగా?" అంది ఇరెనా.

"అయ్యాను."

"మరి ఆ మొహమేంటి, ఫెయిలైనవాడిలా? తినకపోతే రేపు డబ్బాలో ఇవే పెడతా."

పెట్టమన్నాడు.

గురువారం మధ్యాహ్నం విరామంలో పిల్లలు బయట బురదలో ఆడుకుంటుంటే, జిమ్ తలుపులు బార్లా తెరిచిపెట్టి, ఓరెస్ట్ తైనాని పిలిపించాడు. ఆమె గడప దగ్గరే ఆగింది.

"నేనేమైనా తప్పు చేశానా సార్?"

"లేదమ్మా. రా, కూర్చో." బెంచీ మీద తనూ ఓ చివర కూర్చున్నాడు. ఎలా మొదలుపెట్టాలో నిన్నటి నుంచీ ఆలోచించాడు గానీ ఒక్క వాక్యమూ కుదరలేదు. "సోమవారం డెల్ఫీన్ టీచర్ వచ్చింది చూడు. నిన్నే చూసిందట. క్లాసులో నువ్వు ఎంతసేపు కదిలావో గడియారం పెట్టి లెక్కేసింది."

తైనా మొహం పాలిపోయింది. చేతులు స్వెటరు లోపలికి లాక్కుంది. నెమ్మదిగా అడిగింది.

"ఎంతొచ్చింది?"

"మూడు నిమిషాల పది సెకన్లు."

"మూడా?" అంది తైనా. కనుబొమలు ముడిపడ్డాయి. "రెండులోపే అనుకున్నానే!"

ఓరెస్ట్ ఆమె వైపు తిరిగి కూర్చున్నాడు.

"ఆ బంతుల వల్ల అయ్యుంటుంది" అంది ఆ పిల్ల, లెక్క తప్పిన చోటు వెతుక్కుంటూ. "రెండు బంతులు పరిగెత్తి తెచ్చాను. నడిచి తెచ్చుంటే సరిపోయేది."

అతనికి నవ్వొచ్చింది. పైకే నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఎక్కడో తెగిపోయింది.

"ఎందుకమ్మా ఇంత కష్టం? నేనేమైనా తిడతానా? ఎప్పుడైనా ఒక్క మాటన్నానా నిన్ను?"

"అయ్యో, మీరు తిట్టరు సార్. మీరు చాలా మంచివారు." అతన్ని ఓదారుస్తున్నట్టు అంది. "వంతొస్తే అందరూ చూస్తారు కదా. వరుసలో ఉంటే ఎవరూ చూడరు. ముందుకొస్తే ఇంక చూడ్డానికి నేనొక్కదాన్నే ఉంటాను. మీరు కూడా అరుస్తారు, 'చూడండి చూడండి, తైనా బయల్దేరింది' అని. అప్పుడు బయట నడిచేవాళ్ళు కూడా తలుపులోంచి చూస్తారు."

"అది సరదాకి..."

"తెలుసు సార్. బెకెట్‌కి చాలా ఇష్టం అది."

బయట ఎవరో బురదలో పడ్డారు కాబోలు, పిల్లలంతా ఒక్కసారి గోల చేశారు. ఓరెస్ట్ ఆ గోల తగ్గేదాకా ఆగాడు.

"నువ్వొక్కదానివేనా ఇలా?"

"కాదు. నలుగురం."

"ఎవరెవరు?"

"చెప్పను సార్" అంది తైనా. పొగరు లేదు, బెరుకూ లేదు. చెప్పకూడదు కాబట్టి చెప్పనంది. అంతలోనే, "ఒకళ్ళకి నేనే నేర్పాను" అని ఒప్పుకుంది. "రిపోర్టు మార్చేస్తారా?"

"మార్చను. వెళ్ళి ఆడుకో."

వెళ్ళింది. వెళ్తున్నప్పుడు గమనించాడు, ఆ పిల్ల బయట మెట్లు రెండేసి చొప్పున దూకుతూ దిగింది.

ఆ సాయంత్రం కోర్సులో పల్టీలు. కొలెట్ రోబిషో అరవై దగ్గర పడ్డ మనిషి, సన్నగా బెత్తంలా ఉంటుంది, ఆమెకి ఎవరి మీదా జాలి లేదు. పిల్లలకి నేర్పేది టీచరు ఒంటికి తెలిసుండాలి అంటుంది. మ్యాట్లు పరిపించి, చేతులు నేలకి ఆన్చి చక్రంలా పక్కకి తిరిగే పల్టీ ఒక్కొక్కరే చేసి చూపించమంది. పద్నాలుగు మంది టీచర్లు, రోజంతా పిల్లల వెనక పరిగెత్తి వచ్చినవాళ్ళు, మ్యాటు ముందు వరుస కట్టారు.

ఓరెస్ట్ తొమ్మిదో వాడు. డెల్ఫీన్ పిట్టలా తిరిగేసింది. ఓరెస్ట్ ఈలేసి "శభాష్!" అన్నాడు. లైల్ సగం తిరిగి కూలబడితే "ఆ సగం చాలు, మిగతాది వచ్చే వారం!" అన్నాడు. అందరూ నవ్వారు. అతని ముందు ఇంకా ఇద్దరున్నారు. ఎడమ మోకాలు, పొట్ట, నెత్తి మీద మిగిలిన నాలుగు వెంట్రుకలు, ఇవన్నీ తలకిందులైతే ఎలా ఉంటాయో అతనికి కళ్ళకి కట్టింది. వెనకామెకి చేత్తో దారి చూపించి "మీరు కానివ్వండి" అన్నాడు. అని వంగాడు. వంగి, శుభ్రంగా ముడేసి ఉన్న బూటు తాడు విప్పాడు.

విప్పిన తాడు వేళ్ళ మధ్య పట్టుకుని అలాగే ఉండిపోయాడు. గురివింద గింజకి తన కింద నలుపు తెలీదంటారు. ఓరెస్ట్‌కి ఆ క్షణాన తెలిసింది. చెవులు వేడెక్కాయి. నిన్నటి నుంచి ఓ పదేళ్ళ పిల్ల గురించి జాలిపడుతున్నాడు, తెలివికి ఆశ్చర్యపోతున్నాడు. జనవరి నుంచి తను చేస్తున్నదీ అదే. డాన్సు నేర్పిన వారం నీళ్ళు తాగొస్తానని వెళ్ళాడు. తాడాట వారం గడియారం తనే పట్టుకుంటానన్నాడు. అందరికంటే గట్టిగా అరిచినవాడు కాబట్టి ఎవరూ కనిపెట్టలేదు. సిగ్గేసింది, మామూలు సిగ్గు కాదు.

"ఓరెస్ట్, మీ వంతు" అంది కొలెట్.

వెళ్ళాడు. చేతులు ఆన్చాడు. తిరగడం అటుంచి, పక్కకి ఒరిగి దబ్బున పడ్డాడు. అందరూ చూశారు. పడ్డప్పటి నొప్పి కంటే లేచి నిలబడటానికి పట్టిన ఆ అయిదారు క్షణాలు ఎక్కువ బాధపెట్టాయి. ఎవరో "శభాష్!" అన్నారు. ఆ మాట ఎంత బరువో అతనికి అప్పుడే తెలిసొచ్చింది.

శనివారం తొమ్మిదింటికి అందరూ కాగితాలు పట్టుకుని అర్ధచంద్రంగా కూర్చున్నారు. ఎవరి అంకె వాళ్ళు చదవాలి, కొలెట్ నల్లబోర్డు మీద రాయాలి. లైల్ ఇరవై ఆరన్నాడు. ఇంకొకామె ఇరవై మూడంది. ఇరవై రెండున్నర, ఇరవై అయిదు, మళ్ళీ ఇరవై మూడు. కొలెట్ రాసుకుంటూ పోయింది. డెల్ఫీన్ క్లాసుని ఓరెస్ట్ పోయిన వారమే చూశాడు, నిజంగానే ఇరవై ఒకటి వచ్చింది. ఆమె అది చదివి కూర్చుని, ఓరెస్ట్ ఫైలు ముందు అర వైపు చూసింది.

ఓరెస్ట్ రెండు కాగితాలూ బయటికి తీశాడు. ఒకటి సాపుగా ఉంది, ఇంకోటి నాలుగు మడతలు. రాత్రి ఇరెనాకి విషయమంతా చెప్పాడు. "ఆరో తరగతి పిల్లలు కరుస్తారా?" అని అడిగిందామె. కరవరన్నాడు. "మరైతే నీ ఇష్టం" అని పక్కకి తిరిగి పడుకుంది. పొద్దున్న కారు నడుపుతూ కూడా అతను తేల్చుకోలేదు. జిమ్ అంటే అతనికి ప్రాణం. ఆ నేల వార్నిష్ వాసన లేని రోజుని అతను ఊహించుకోలేడు.

"ఓరెస్ట్?"

మడతల కాగితం విప్పాడు. "మూడు నిమిషాల పది సెకన్లు."

నవ్వులు వినిపించాయి. ఓరెస్ట్ ఏదన్నా నవ్వడం వాళ్ళకి అలవాటు.

"ముప్ఫయ్యా?" అంది కొలెట్.

"మూడండీ."

"ఆ పిల్లకి ఒంట్లో బాగాలేదా ఆ రోజు?"

"నిక్షేపంగా ఉంది. రెండులోపు రావాలట, బంతులు పరిగెత్తి తేవడం వల్ల పెరిగిందట. తనే చెప్పింది." ఈసారి ఎవరూ నవ్వలేదు. "నా వరుసలో పన్నెండేసి మంది నిలబడతారు. వంతొచ్చిన పిల్లని నేనే కేకేసి ఊరందరికీ చూపిస్తాను. అది పడనివాళ్ళు దాక్కుంటారు. దాక్కోవడంలో వాళ్ళకి ఫస్టు క్లాసు ఇవ్వాలి. నేనిచ్చాను కూడా, రిపోర్టులో. ఇంకో ముగ్గురున్నారట. ఎవరో నాకింకా తెలీదు."

కొలెట్ సుద్ద పట్టుకుని నిలబడింది. "ఇరవై రాకపోతే పాఠం మళ్ళీ చెప్పాలి. నేనే వచ్చి చూడాలి. మే రెండో వారం దాకా నాకు ఖాళీ లేదు. మీ బోర్డు గడువు ముప్ఫైయే కదా?"

"అవునండీ."

"చేతిలో ఇంకో కాగితం కనిపిస్తోంది."

డెల్ఫీన్ తలొంచుకుంది. మెడ దాకా ఎర్రబడింది. ఓరెస్ట్ ఆమె వైపు చూడలేదు.

"ఉందండీ. బెకెట్ అని ఒకడున్నాడు. ఇరవైనాలుగు నిమిషాలు పరిగెత్తాడు. వాడు నేనున్నా పరిగెత్తుతాడు, లేకపోయినా పరిగెత్తుతాడు. వాడి నిమిషాలు నావి కావు."

కొలెట్ బోర్డు వైపు తిరిగి, ఇరవైల కింద 3:10 అని రాసింది. మిగతావాటిలాగే రాసింది, పెద్దగానూ కాదు, చిన్నగానూ కాదు.

"ఇప్పుడు మేమంతా దొంగలమయ్యాం కదయ్యా" అన్నాడు లైల్ గొణుగుతూ.

"నిన్ను నేనేమన్నాను?"

"అనకపోతేనే కదా బాధ!"

విరామంలో డెల్ఫీన్ అతని పక్కన నిలబడి ఫ్లాస్కులోంచి కాఫీ వంపింది. లైల్ ఒక్కడే బోర్డు దగ్గర నిలబడి తన ఇరవై ఆరుని చాలాసేపు చూస్తుండిపోయాడు.

సోమవారం పొద్దున బడి మొదలవక ముందే హెడ్‌మిస్ట్రెస్ గ్వెన్ ఓరెస్ట్‌ని గదిలోకి పిలిచింది. అతను ఆదివారమే ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

"బోర్డువాళ్ళకి నిన్ననే ఇంటికి ఫోన్ చేసి అడిగి చూశాను ఓరెస్ట్. ఒక్క రెండు వారాలే కదా అన్నాను. కుదరదన్నారు. కాగితం ఉన్న ఒకావిడ వస్తోంది సెప్టెంబరులో. మీకు ఆరో తరగతి." ఆమె బల్ల మీది పెన్ను తీసి మళ్ళీ అక్కడే పెట్టింది. "ఆ రెండో కాగితం ఇచ్చేసుంటే నాకీ తిప్పలుండేవి కాదు. మీకూ ఉండేవి కాదు."

"అవునండీ."

"వచ్చే ఏడాది కాగితంతో మళ్ళీ అడుగుదురుగాని. మాటివ్వలేను."

ముందే తెలిసిన సంగతే అయినా, ఎదుటి మనిషి నోట వింటే వేరుగా ఉంటుంది. జూన్ దాకా ఉంది కదా అనుకుంటూ జిమ్‌కి నడిచాడు. నడుస్తూ లెక్కేసుకుంటే అయిదో తరగతికి ఇంక పద్దెనిమిది పీరియడ్లే మిగిలాయి.

మూడో పీరియడ్‌కి సామాను గది మొత్తం ఖాళీ చేశాడు. గాలి తగ్గిన బాస్కెట్ బంతులు, స్పాంజి బంతులు, టెన్నిస్ బంతులు, కుట్లు ఊడినవి, అన్నీ కలిపి ఇరవైనాలుగు లెక్కపెట్టి నేల మీద దొర్లించాడు. ఉన్నవి రెండే రింగులు కాబట్టి గోడల వెంట చెత్త డబ్బాలు, అట్టపెట్టెలు, బోర్లించిన బల్లలు పెట్టాడు. పిల్లలు లోపలికొస్తూ అలవాటుగా రెండు వరుసలు కట్టబోయారు.

"వరుసల్లేవు ఇవాళ. తలో బంతి తీసుకోండి. దేంట్లో వేస్తారో, ఎక్కణ్ణుంచి వేస్తారో మీ ఇష్టం. ఒక్క చోటే నిలబడకూడదు, అంతే."

"ముందు ఎవరు సార్?" అన్నాడు బెకెట్.

"అందరూ."

బెకెట్‌కి అది నచ్చలేదు. "మరి మీరు చెప్పరా, రేడియోలోలాగా?"

"గొంతు బాగాలేదురా" అన్నాడు ఓరెస్ట్. ఈల జేబులో వేసుకున్నాడు.

మొదటి అయిదు నిమిషాలు అదో సంత. బంతులు గోడలకి, బల్లలకి, ఒకరి వీపులకి తగిలాయి. ఓరెస్ట్ నోట్లో మాటలు ఊరుతున్నాయి. ఓ పిల్లాడు సగం జిమ్ దూరం నుంచి విసిరితే చెత్త డబ్బాలో పడింది. అబ్బ, దానికి ఎంత మంచి మాట తట్టిందో! పళ్ళు బిగబట్టి మింగేశాడు. ఊరుకోవడం ఇంత కష్టమైన పనని అతనికి ఎవరూ చెప్పలేదు.

తైనా స్పాంజి బంతి ఒకటి చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. చుట్టూ చూసింది. వెనక్కి పోవడానికి వరుస చివరంటూ లేదు. ముందుకి పంపడానికి ఎవరూ లేరు. బూటు తాడు కట్టుకుంది, లేచింది, ఎవరూ ఆమెని దాటిపోలేదు. నీళ్ళు తాగొచ్చింది. ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలియక నేరుగా ఓరెస్ట్ మొహంలోకి చూసింది. అంతవరకూ లేని బెదురు ఆ కళ్ళలో కనిపించింది. ఆ పిల్ల కట్టుకున్న గూడు తను పీకి పందిరేశాడు. మంచి చేస్తున్నాడో చెడు చేస్తున్నాడో ఓరెస్ట్‌కి ఖాయంగా తెలియదు. తెలిసింది ఒక్కటే, తను చూస్తున్నంతసేపూ ఆమె కదలదు.

జిమ్‌లో పిల్లలుండగా వాళ్ళకి వీపు పెట్టకూడదన్నది పదిహేడేళ్ళుగా అతను తప్పని నియమం. ఓరెస్ట్ వెనక్కి తిరిగాడు. గోడవారన మ్యాట్లకి చుట్టిన పట్టీ వదులుగా ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని బిగించడం మొదలుపెట్టాడు. బిగించి, విప్పి, మళ్ళీ బిగించాడు. చెవులు మాత్రం వెనకే ఉన్నాయి. బంతులు దబదబమంటున్నాయి. బూట్లు నేల మీద కీచుమంటున్నాయి. ఎవరో నవ్వారు. ఎవరో ఏదో పడగొట్టారు. ఒక నిమిషం గడిచింది, మూడు గడిచాయి, అయిదు గడిచాయి.

"ఏయ్ బెకెట్! అది నా బంతి! నీది అక్కడుంది, ఇటియ్యి!"

రొప్పుతూ, కోపంగా, జిమ్ అంతా వినిపించేలా అరిచిన గొంతు. ఎవరిదో గుర్తుపట్టడానికి ఓరెస్ట్‌కి ఒక క్షణం పట్టింది. మూడేళ్ళుగా ఆ గొంతు ఇతరుల కోసం అరవడమే విన్నాడు. తిరిగి చూడాలని ప్రాణం కొట్టుకుంది. పట్టీ కొక్కెం వేళ్ళ మధ్య నొక్కిపెట్టి, గోడ వైపే చూస్తూ కూర్చున్నాడు.

"ఇయ్యను, ఏం చేస్తావ్?" అన్నాడు బెకెట్.

చిన్న బూట్లు రెండు నేలని చరుచుకుంటూ అతని వీపు వెనకగా పరిగెత్తుకెళ్ళాయి. ఆ మూల దాకా వెళ్ళి, ఆగకుండా మళ్ళీ వెనక్కొచ్చాయి.